పాత కొలత

తప్పెవరిదో తేల్చడానికి
నాకు మూడు వారాలు పట్టింది.

మొదట వాననుకున్నాను.
సఫిల్‌గూడలో నాలుగు చినుకులు పడితే చాలు
స్తంభం మీది నల్లతీగలన్నీ
తడిసిన జుట్టులా వేలాడతాయి కదా, అందుకని.
తర్వాత ఉడతని అనుమానించాను.
తర్వాత పైవాటా కుర్రాళ్ళని,
పాస్‌వర్డు కొట్టేశారేమోనని
మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అదోలా చూశాను.
చివరికి కంపెనీని తిట్టాను. అది తేలిక.

యాకూబ్ రెండుసార్లొచ్చాడు.
హెల్మెట్టైనా తియ్యకుండా తీగ పీకి
తన లాప్‌టాప్‌కి గుచ్చి చూపించాడు.
"రెండొందలు చూపిస్తుంది సార్.
మా దిక్కెల్లి మస్తుగొస్తుంది.
మీ డబ్బాలనే ఏదో ఆపుతుంది."
డబ్బాలో ఏముంటుందయ్యా
నాలుగు పచ్చదీపాలు తప్ప, అని నవ్వాను.
అతను చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి హైమ క్లాసు.
డైనింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచి
ఫోనుని కందిపప్పు డబ్బాకి ఆనించి
పన్నెండు మందికి జాకెట్టు కటింగ్ చెబుతుంది.
"చంక రౌండు ఏడు..."
అక్కడ ఆగిపోయింది.
ఆమె ఆగలేదు, ఆమె బొమ్మ ఆగింది,
కత్తెర గాల్లో, నోరు సగం తెరుచుకుని.
"న్నర" అన్న ముక్క
మా గుమ్మం దాటలేదు.
సిద్దిపేటలో రేణమ్మ గారు
ఏడుకే కత్తిరించేశారు,
కూతురి పెళ్ళిచూపులకని దాచుకున్న పోచంపల్లి పట్టు.

హైమ ఆవిడకి వేరే ముక్క కొని కొరియర్ చేసింది.
ఎంతయిందో నాకు చెప్పలేదు.
రసీదు మాత్రం ఫ్రిజ్‌కి, అయస్కాంతం కింద,
నేను మంచినీళ్ళ సీసా తీసే చోట పెట్టింది.

ఆ రాత్రి రౌటర్‌ని బోర్లించి
అడుగున అంటించిన చీటీ టార్చితో చదివి
లోపలికి వెళ్ళాను.
పేజీ తర్వాత పేజీ, అర్థం కానివి దాటుకుంటూ,
ప్రాధాన్యం అన్న దగ్గర టిక్కు కనిపించింది.
ఎవరు పెట్టారు?
పేర్లు చూశాను. స్పెల్లింగు తప్పులు నావే.

గుర్తొచ్చింది. లాక్‌డౌన్ రోజులు,
పడగ్గదిలో ఆఫీసు,
మేనేజర్ ముందు నా గొంతు తెగిపోతోందని
ఒక అర్ధరాత్రి కూర్చుని వేయించిన శాసనం:
లైను మొత్తం నలభై.
అందులో నూటికి అరవై నా లాప్‌టాప్‌కి.
ముప్ఫై టీవీకి.
'మిగతావి' అన్న వరుసకి పది.
హైమ ఫోను పేరు ఎక్కడా లేదు.
హైమ మిగతావి.

బేగంపేటలో ఆపేస్తారు చూడండి,
పెద్దవాళ్ళ కార్లొస్తున్నాయని,
బస్సు కిటికీల్లోంచి మనమందరం
ఖాళీ రోడ్డు వంక చూస్తూ.
అట్లా ఆపింది ఈ డబ్బా, ఇన్నేళ్ళూ.
ఆ లాప్‌టాప్‌ని కంపెనీకి తిరిగిచ్చేసి
పదకొండు నెలలైందని
దానికెవరు చెప్పాలి?
లైను రెండొందలకి పెంచినప్పుడు
డబ్బు కట్టాను, అంకె మార్చలేదు.
రెండొందలూ గుమ్మం దాకా వచ్చి
నలభై దగ్గర తల వంచుకుని దూరేవి.

టిక్కు తీశాను. సేవ్ నొక్కాను.
దీపాలన్నీ ఆరి
ఒక్కొక్కటే వెలిగాయి.
నూట ఎనభై ఏడు!
ఎవరితోనైనా అనాలనిపించి
యాకూబ్‌కి మెసేజ్ పెట్టాను, నువ్వన్నదే నిజమని.
రాత్రి ఒంటిగంటకి
ఒక బొటనవేలు పంపాడు.

పొద్దున హైమతో
"సెట్టింగులో ఏదో ఉందిలే, తీసేశా" అన్నాను.
సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండా
"ఎవరి సెట్టింగు?" అంది.
చెప్పాను.
దారం కొస కొరికి
"పెరిగిన ఒంటికి పాత కొలతతో కుడితే
ఎక్కడో ఒకచోట పిగిలిపోతుంది.
మొదటి క్లాసులోనే చెప్తాను ఆ మాట.
మీరే వినలేదు."
వినపడలేదనలేదు.
వినలేదంది.

సాయంత్రం వంటగదిలో
స్టవ్ సన్నం చేసి నిలబడ్డాను.
"ఏడున్నర" తెగకుండా వెళ్ళింది.
సిద్దిపేట నుంచి రేణమ్మ గారి గొంతు
పక్కింట్లోంచి వచ్చినట్టొచ్చింది:
"మల్లొక్కసారి చెప్పుండ్రి మేడం, రాసుకుంటున్న."